పూజగది గొళ్లెం తీయాలనిపిస్తోంది, కానీ కోపం పోలేదు

ప్రశ్న: నా వయసు 57. మాది పెద్దాపురం. మావారు 2021 మే నెలలో కోవిడ్‌తో పోయారు. నాకూ పాజిటివే కావడంతో ఆసుపత్రికి వెళ్లనివ్వలేదు. ఆయన వెంటిలేటర్ మీద ఉన్నన్ని రోజులూ ఇంట్లో అఖండ దీపం పెట్టి, పూటపూటా విష్ణు సహస్రనామం చదువుతూ కూర్చున్నాను. పారాయణ మధ్యలోనే ఫోన్ వచ్చింది. ఆ దీపాన్ని నా చేత్తో నేనే ఆర్పేసి, పూజగదికి గొళ్లెం పెట్టేశాను. ఏటా వరలక్ష్మీ వ్రతం, పెళ్లిరోజుకి అన్నవరంలో సత్యనారాయణ వ్రతం తప్పకుండా చేసినదాన్ని. మా ఎదురింటావిడ పండగనాడు కూడా దీపం పెట్టదు. ఆమె భర్త అదే ఆసుపత్రి నుంచి నవ్వుతూ ఇంటికొచ్చాడు. నా పూజలో ఏం లోపం జరిగింది? అప్పట్నుంచి ఆబ్దికం తప్ప ఇంట్లో ఏ క్రతువూ లేదు. ఆబ్దికం మాత్రం మా అబ్బాయి చేత పెట్టిస్తాను, గారెలు నేనే వండుతాను. ఈమధ్య కూర్చుంటూ లేస్తూ ‘రామా’ అంటున్నాను, వెంటనే నాలుక కరుచుకుంటున్నాను. మళ్లీ దీపం పెట్టాలనిపిస్తోంది. కానీ ఆయన్ని తీసుకెళ్లిపోయినవాడికే దణ్ణం పెట్టడమా అని సిగ్గేస్తోంది. మొన్న శ్రావణంలో మా వదిన ‘నీకెందుకులే ఇప్పుడు ఇవన్నీ’ అంది. ఒక పెద్దాయన ప్రారబ్ధం అన్నారు. దీపం ఆర్పడం అపచారమేమో అన్న భయమూ ఉంది. రాత్రి మూడింటికి మెలకువ వచ్చేస్తుంది, ఫోన్ మోగినట్టే ఉంటుంది. నన్నేం చేయమంటారు?

జవాబు: అమ్మా, మీరు చాలా అడిగారు గానీ, వాటన్నిటి కిందా ఒకే ముల్లు గుచ్చుకుని ఉంది: ‘నా పూజలో ఏం లోపం జరిగింది?’ ముందు దాన్ని తీసేద్దాం. ఏ లోపమూ జరగలేదు.

ఆ ఏప్రిల్, మే నెలలు మీకు నేను గుర్తు చేయక్కర్లేదు. ఒక ఆక్సిజన్ సిలిండర్ కోసం, ఒక బెడ్ కోసం జనం ఊళ్లకు ఊళ్లు తిరిగారు. మే 10న తిరుపతి రుయా ఆసుపత్రిలో ఆక్సిజన్ సరఫరాకు అంతరాయం కలిగి 11 మంది చనిపోయారు. ఏడుకొండల పాదాల దగ్గరే. ఆ ఇళ్లలో ఆ రాత్రి దేవుణ్ణి తలుచుకోని ఇల్లు ఒక్కటైనా ఉండి ఉంటుందా? ఎవరు బతికారు, ఎవరు పోయారు అన్నది వైరస్ ఊపిరితిత్తుల్లోకి ఎంత దూరం వెళ్లింది, షుగరూ బీపీ ఉన్నాయా, బెడ్ ఏ రోజు దొరికింది లాంటి వాటిని బట్టి తేలింది. మీ ఎదురింటాయన బతికింది దీపం పెట్టనందువల్ల కాదు. మీవారు పోయింది పెట్టినందువల్ల కాదు. ఎదురింటాయన నవ్వుతూ ఇంటికి రావడం చూసి మీ కడుపు రగిలిందంటే అర్థం చేసుకోగలను. ఆ మంటకు సిగ్గుపడకండి.

లోపం వెతుక్కునే అలవాటు ఎక్కణ్నుంచి వచ్చిందో కూడా చూద్దాం. ఏటా అన్నవరంలో వ్రతం చేసుకున్నారు కాబట్టి కథ మీకు కంఠతా వచ్చి ఉంటుంది. కళావతి వ్రతం దగ్గర ఉంటుంది. మొగుడి పడవ వచ్చిందని వినగానే ప్రసాదం తీసుకోకుండా రేవుకు పరుగెడుతుంది. పడవ మొగుడితో సహా కనిపించకుండా పోతుంది. వెనక్కి వచ్చి ప్రసాదం తిన్నాక గానీ అతను దక్కడు. ఏళ్ల తరబడి ఈ కథ విని తల ఊపిన మనిషికి నిజంగానే మొగుడు పోతే, ‘నేను ఏ ప్రసాదం వదిలేశాను’ అన్న వెతుకులాట రాకుండా ఎలా ఉంటుంది? కథను నేను తప్పుపట్టడం లేదు. శాస్త్రం చదివిన పెద్దలు ఇలాంటి ఫలాల మాటల్ని అర్థవాదం అంటారు. మంచి పని మీద మనసు నిలబెట్టడానికి చెప్పే పొగడ్త అది, కొన్నిచోట్ల బెదిరింపు. దాన్ని తెచ్చి ఐసీయూ రిపోర్టు పక్కన పెట్టి చదవకూడదు. కానీ మనకు కథ చెప్పినవాళ్లు ఈ సంగతి చెప్పరు. చెబితే బావుండేది.

ఇంకొక మాట కూడా ఆ పెద్దలదే. చేసే కర్మలు మూడు రకాలన్నారు. రోజూ చేసేది నిత్యం. పండక్కో, గ్రహణానికో, ఆబ్దికానికో చేసేది నైమిత్తికం. ఒక కోరిక పెట్టుకుని చేసేది కామ్యం. సౌభాగ్యం కోసం చేసిన వరలక్ష్మీ వ్రతం కామ్యం. మొక్కులు కామ్యం. ఆ అఖండ దీపం, ఆ పారాయణ కామ్యం. అందులో తప్పేమీ లేదు. మొగుడు వెంటిలేటర్ మీద ఉంటే ఏ ఆడమనిషైనా కొంగు పట్టి అడుగుతుంది. మీరు అడిగారు, ఇవ్వలేదు. విరిగింది అక్కడ. మీకు జరిగింది మోసంలా అనిపించడం సహజం, ఎందుకంటే ఇన్నేళ్లూ మీ వైపు నుంచి మాట తప్పింది లేదు. దీన్ని ‘దేవుడి లీల’ అని పూడ్చేసేవాళ్లు ఉంటారు. నేను పూడ్చను. మీవారు ఎందుకు పోయారో దైవం తరఫున చెప్పడానికి నా దగ్గర సమాధానం లేదు. ఉన్నట్టు మాట్లాడేవాళ్ల దగ్గర కూర్చోకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

నేను గట్టిగా చెప్పేది ఒకటే. మీరు మళ్లీ వెళ్లాల్సింది ఆ కామ్యానికి కాదు. ఆ పాత నమ్మకాన్ని, అంటే నేను ఇంత చేస్తే దేవుడు ఇంత చూసుకుంటాడు అన్నదాన్ని, ఉన్నదున్నట్టు మళ్లీ లేపి నిలబెట్టాలని చూస్తే అది నిలబడదు. రేపు మీ అబ్బాయికి జ్వరం వస్తే మళ్లీ కూలుతుంది. నిత్యం దగ్గర మొదలుపెట్టండి. ఏమీ అడగని దీపం ఒకటి.

కోపం పోలేదు కదా అంటారు. పోవాలని ఎవరన్నారు? కంచర్ల గోపన్న సంగతి చూడండి. పాల్వంచ తహసీల్దారుగా ఉండి, సర్కారు పైకం పెట్టి భద్రాచలం గుడి కట్టించి, తానీషా కాలంలో గోల్కొండ ఖైదులో పడ్డాడు. అక్కడ కూర్చుని రాముడికి చేయించిన నగలన్నీ ఒక్కొక్కటే లెక్కపెట్టి, ‘ఎవడబ్బ సొమ్మని కులుకుతున్నావు’ అని అడిగేశాడు. నీ తండ్రి పెట్టాడా, నీ మామ పంపాడా అన్నాడు. ఆ తర్వాత అదే పాటలో, ఈ దెబ్బలకు ఓర్చుకోలేక తిట్టానయ్యా అని కూడా అన్నాడు. ఆ తిట్టును ఎవరూ అపచారమని కొట్టేయలేదు. ఇన్ని తరాలుగా తాళాలు వేసుకుంటూ భజనల్లో పాడుకుంటున్నాం. చాలామంది చివరి క్షమాపణ చూసి మురిసిపోతారు. నాకు ముందరి తిట్టే ముఖ్యమనిపిస్తుంది. ఆ మనిషి ముఖం తిప్పుకుని పోలేదు, ఎదురుగా నిలబడి అడిగాడు. మీరు గొళ్లెం పెట్టి లోపల అడుగుతున్నదాన్ని తలుపు తీసి అడగండి, అంతే తేడా.

నమ్మకం పూర్తిగా కుదిరాకే దణ్ణం పెట్టాలన్న నియమమూ లేదు. గజేంద్రుడి చేత పోతన ‘కలడు కలండనెడివాడు కలడో లేడో’ అనిపించాడు. బడిలో మనందరం వల్లెవేసిందే. ఆ అనుమానం ప్రార్థన మానేసిన తర్వాత వచ్చింది కాదు, ప్రార్థన నడుమనే ఉంది. అయితే ఇక్కడ మీరు నన్ను ఆపి, ‘గజేంద్రుడికి వచ్చాడు, నాకు రాలేదు కదా’ అంటారు. నిజమే. మొసలి పట్టు వీడింది. గోపన్నా చివరికి చెర నుంచి బయటపడ్డాడు. మనం చెప్పుకునే కథల్లో చాలావరకు స్వామి వచ్చేసిన కథలే. రాని ఇళ్ల సంగతి ఎవరూ హరికథగా చెప్పరు.

అలా వెతికితే నాకు దొరికేది కుంతి. భర్త అడవిలో పోయాడు, కొడుకులు అడవుల పాలయ్యారు, యుద్ధంలో మనవలు పోయారు. పోయినవాళ్లెవరూ తిరిగి రాలేదు. కృష్ణుడు మేనల్లుడై పక్కనే ఉన్నా వాళ్లు రాలేదు. అయినా ఆమె అతనితో మాట మానలేదు. భాగవతంలో ఆమె, మాకు ఎప్పుడూ ఆపదలే రానీ, అప్పుడు నువ్వు కనిపిస్తావు అంటుంది. ఈ మాటను ఎవరైనా మీకు ఉపదేశంగా చెప్పబోతే మాత్రం వినకండి. కుంతి తన కష్టం గురించి తాను అనుకున్న మాట అది. పక్కవాళ్ల కష్టం మీద చల్లమని ఆమె ఎవరికీ ఇవ్వలేదు. ప్రారబ్ధం అన్న పెద్దాయనకూ ఇదే జవాబు. తన కాలు విరిగినప్పుడు ప్రారబ్ధం అనుకుంటే అది వేదాంతం. పక్కింటి చావుకి అంటే అది సంభాషణ ముగించే పద్ధతి.

మీరు రాసిన ‘రామా’ గురించి. నాలుక కరుచుకోవద్దు. ఆ మాటలో మీరు అడిగింది ఏమీ లేదు. మోకాలు నొప్పిపెట్టింది, నోరు పిలిచింది. దీపం పెడితే ఎలా ఉండాలని పైన అన్నానో అలాగే ఉంది అది. మీరు అనుకున్నట్టు ఓడిపోయి వస్తున్న మాట కాదు.

సిగ్గు విషయానికి వస్తాను. పూజ మానేసి మీరు ఇన్నేళ్లూ మీవారి పక్షాన నిలబడ్డారు. దేవుడితో మాట్లాడితే ఆయన్ని ఒంటరిని చేసినట్టవుతుందని మీ భయం. కానీ ఆబ్దికం ఒక్క ఏడూ ఆపలేదు. గారెలు వంటమనిషికి వదల్లేదు. అవి ఎక్కడో ఆయనకు అందుతాయన్న ఆశ మీలో ఎప్పుడూ పోలేదు. ఆ ఆశ ఉన్న మనిషి నాస్తికురాలు కాదు. మీది అలక, చాలా పెద్ద అలక. పైగా ఆ గదిలో ఉన్నది దేవుడు ఒక్కడేనా? అన్నవరం కొండకు మీతో వచ్చింది ఆయన, పీటల మీద మీ పక్కన కూర్చున్నది ఆయన. గొళ్లెం పెట్టినప్పుడు ఆ జ్ఞాపకాలు కూడా లోపలే ఉండిపోయాయి. వాటిని బయటికి తెచ్చుకోవడం ఆయనకు ద్రోహం ఎలా అవుతుంది?

మీ వదినగారి మాట నన్ను ఎక్కువ బాధపెట్టింది. ఆవిడ చెడ్డ ఉద్దేశంతో అనలేదేమో, మీ మనసు నొచ్చుకుంటుందనే అన్నారేమో. అయినా అనకూడని మాట. పేరంటంలో వాయనాల లెక్కలు ఏ ఇంటి ఆచారం ఆ ఇంటిది. దాని మీద మీకు పోరాడే ఓపిక ఉంటే పోరాడండి, లేకపోతే ఆ పూట ఇంట్లో ఉండండి. కానీ దీపానికి, స్తోత్రానికి, గుడికి, నామానికి భర్త ఉండాలన్న షరతు ఎవరూ పెట్టలేదు. తరిగొండ వెంగమాంబ పేరు మీకు తెలిసే ఉంటుంది. గుర్రంకొండ దగ్గరి తరిగొండలో పుట్టింది. చిన్నతనంలోనే భర్త పోయాడు. లోకం పెట్టిన వైధవ్యపు కట్టుబాట్లకు ఒప్పుకోక తిరుమల చేరింది. అక్కడే ‘వేంకటాచల మాహాత్మ్యం’ రాసింది, 1817లో అక్కడే పోయింది. ఇవాళ్టికీ తిరుమలలో రాత్రి ఏకాంత సేవలో స్వామికి ఇచ్చే ముత్యాల హారతి ఆమె పేరు మీదే. భక్తులు భోజనం చేసే అన్నప్రసాద భవనానికీ ఆమె పేరే. స్వామి నిద్రకు ముందు అందుకునే హారతి ఒక భర్త పోయిన ఆడమనిషిదైతే, మీ ఇంట్లో మీ దీపానికి అడ్డేమిటి? వదినగారితో గొడవ వద్దు. ఈసారి ఆ మాట వస్తే వెంగమాంబ సంగతి మెల్లిగా చెప్పండి, ఆవిడకూ తెలుస్తుంది.

ఎలా మొదలుపెట్టాలో చెబుతాను. మొదటిరోజు పూజ వద్దు. గొళ్లెం తీసి ఊడ్చండి. బూజు దులపండి. ఎండిపోయిన పూలు, మాడిన వత్తి అన్నీ అలాగే ఉండి ఉంటాయి. ఏడుపు వస్తుంది. రానివ్వండి, ఆ రోజుకు అంతే. మళ్లీ గొళ్లెం పెట్టేయాలనిపిస్తే పెట్టేయండి. ఆ అఖండ దీపపు కుందిని చూడలేకపోతే కడిగి, గుడ్డలో చుట్టి అటక మీద పెట్టండి. చిన్న మట్టి ప్రమిద చాలు. దీపం ఆర్పడం అపచారమేమో అని రాశారు. మీరు చేసిన ప్రతి పూజ చివర ‘మంత్రహీనం క్రియాహీనం భక్తిహీనం’ అని చదివే ఉంటారు. మంత్రం లేదు, పద్ధతి లేదు, చివరికి భక్తే లేదు, అయినా దీన్ని పరిపూర్ణమనుకో అని అడుగుతాం అక్కడ. భక్తి లేని పూజకే చోటు పెట్టినవాళ్లు, చేత్తో దీపం ఆర్పిన మనిషిని బయట నిలబెడతారనుకోను.

సహస్రనామం ఇప్పుడు పట్టుకోవద్దు. ఫోన్ మోగింది ఏ శ్లోకం దగ్గరో మీకు గుర్తుండే ఉంటుంది. అక్కడికి వచ్చేసరికి గుండె దడదడలాడుతుంది. దాన్ని భక్తి తగ్గిందని లెక్కవేసుకుంటారు మీరు. అది ఒంటికి తగిలిన దెబ్బ, ఇంకా పచ్చిగా ఉంది. రెండు ముక్కల స్తోత్రం ఏదైనా సరే, నోరు రాకపోతే ఊరికే కూర్చున్నా సరే. సాయంత్రం ఒకే వేళకి, ఐదు నిమిషాలు. తిట్టాలనిపిస్తే తిట్టండి, పైకే తిట్టండి, ఇంట్లో వినేవాళ్లెవరున్నారు? ఒకటే నియమం: కొన్నాళ్లపాటు ఏమీ అడగొద్దు. ‘మా అబ్బాయిని చల్లగా చూడు’ అని కూడా వద్దు. తల్లికి ఇది చాలా కష్టమని తెలుసు. నోరు జారితే జారింది, మర్నాడు మళ్లీ చూసుకోండి. చాలారోజులు ఏమీ అనిపించదు. మనసు కరగలేదు, కన్నీళ్లు రాలేదు, అంతా యాంత్రికంగా ఉంది అనుకుంటారు. వంట చేసిన ప్రతిరోజూ ఆకలి వేసే చేశామా? అలాంటిదే ఇదీ.

గుడికి వెళ్లాలనిపిస్తే, సామర్లకోట భీమేశ్వరాలయం మీ పక్కనే ఉంది. కింది అంతస్తులో మొదలై పై అంతస్తులోకి లేచిన ఆ లింగాన్ని మీరు ఎన్నిసార్లు చూసి ఉంటారో. కార్తీక సోమవారం, శివరాత్రి వద్దు, ఆ రద్దీలో జంటల్ని చూస్తూ క్యూలో నిలబడటం మీకిప్పుడు శిక్ష. మామూలు రోజు మధ్యాహ్నం ముందు వెళ్లి, మండపంలో స్తంభానికి ఆనుకుని కూర్చుని వచ్చేయండి. అర్చన మాత్రం ఇప్పుడే చేయించకండి. పూజారిగారు గోత్రనామాలు అడుగుతారు. ముందుగా చెప్పే పేరు నోటి దాకా వచ్చి ఆగిపోతుంది. దానికి మీరు సిద్ధపడ్డాకే, అది కూడా మీ అబ్బాయినో అమ్మాయినో పక్కన పెట్టుకుని వెళ్లండి.

రాత్రి మూడింటికి మెలకువ గురించి మాత్రం నేను దేవుడి మాట ఏదీ చెప్పను. నాలుగేళ్లు దాటినా ఫోన్ మోగినట్టు వినిపిస్తోందంటే డాక్టరుకు చూపించాల్సిన విషయం. దుఃఖం ఏడాది దాటాక కూడా రోజువారీ బతుకును నడవనివ్వకుండా పట్టుకుని ఉంటే దాన్ని వైద్యులు ఒక సమస్యగా గుర్తిస్తున్నారు, దానికి చికిత్స ఉంది. ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు 14416. ఏ వేళైనా చేయొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. కాకినాడలో సైకియాట్రిస్టులూ ఉన్నారు. నిద్ర పట్టడానికి మందు వేసుకుంటే భక్తి తక్కువైందని ఎవరైనా అంటే వాళ్లను పట్టించుకోకండి. సరిగ్గా నిద్రపోని మనిషికి దేవుడి మీదా మనుషుల మీదా కోపం రెట్టింపవుతుంది. మందు, దీపం ఒకదానికొకటి అడ్డం కాదు.

మొదలుపెట్టడానికి ముహూర్తం వెతకొద్దు. మీవారి తిథినాడు అస్సలు వద్దు, ఆ రోజుకు ఉన్న బరువు చాలు. ఏ పేరూ లేని ఒక మంగళవారం చూసుకోండి. అన్నవరం మీద మనసు పోతే వెళ్లండి, పెళ్లిరోజున మాత్రం కాదు. వ్రతం టికెట్ తీసుకోకండి, కథ దగ్గర కూర్చోకండి. దర్శనం చేసుకుని, ప్రసాదం పొట్లాలు రెండు కొనుక్కుని దిగి వచ్చేయండి, మీ అబ్బాయికి ఒకటి.